నూడుల్స్ కంపెనీ పెడతానంటున్న అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేంత మార్కులు రాలేదు. రాగి, జొన్న, పెసర పిండ్లతో ఆరోగ్యకరమైన నూడుల్స్ తయారుచేసే కంపెనీ పెడతానంటోంది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించాలా? బీటెక్ ఫుడ్ టెక్నాలజీ, బీఎస్సీ కమ్యూనిటీ సైన్స్‌లలో ఏది మేలు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు కోర్సుల పేర్లు రాశారు గానీ, డాక్టరు కాకపోతే బిడ్డ గతి ఏమిటన్న భయమే మీ చేత ఈ ఉత్తరం రాయించింది. తనకు ఏం కావాలో పిండి పేరుతో సహా చెబుతున్న పిల్లను మళ్లీ లాంగ్‌టర్మ్‌కు పంపాలనుకోవడం న్యాయం కాదండీ. బంధువులకు ఏం చెప్పుకోవాలన్న బెంగ మీది. దానికి ఆమె ఏడాదిని ఖర్చు చేయకండి.

అయితే ఆమె కల మీదా నాకు సందేహాలున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుంచి నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది మిల్లెట్ బ్రాండ్ పెడతామనే అంటున్నారు. గోధుమపిండిని నీళ్లతో కలిపి పిసికితే గ్లూటెన్ అనే ప్రొటీన్ అల్లుకుని సాగుతుంది; రాగికి, జొన్నకు ఆ గుణం లేనందువల్ల వాటి నూడుల్స్ ఉడికేటప్పుడు తునిగిపోయి, పిండి నీళ్లలోకి దిగుతుంది. పిండిని ముందే ఆవిరిపై ఉడికించి జిగురు తెప్పించడం, గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ వంటివి చేర్చడం, పిండిని ఒత్తి నూడుల్స్‌గా తీసే ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో వేడినీ తేమనూ అదుపు చేయడం నేర్చుకోవలసిన విద్యలు. సజ్జపిండైతే దానిలోని కొవ్వు వల్ల త్వరగా చేదెక్కుతుంది. పెసరపిండి కలిపితే ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఒక భాగం) అందుతుంది గానీ, నూనెలో వేయించి, ఉప్పు దట్టించిన మసాలా పొట్లం జతచేస్తే ఆరోగ్యమన్న మాటకు అర్థం మిగలదు. బజారులో మిల్లెట్ పేరుతో అమ్మే ప్యాకెట్‌ను తిప్పి చదవండి. దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం కాబట్టి, మొదట గోధుమ కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. ఇక డిగ్రీ చేతికి రాగానే అప్పు చేసి యంత్రాలు కొనడానికి నేను ఒప్పుకోను. సబ్సిడీ వస్తుందని ఎవరైనా ఊరించినా, అది పోను మిగిలేది అప్పే. ముందు కొన్నేళ్లు ఏదైనా ఆహార పరిశ్రమలో జీతానికి పనిచేయనివ్వండి.

కోర్సుల విషయానికొస్తే, తయారీ, యంత్రాలు, నిల్వకాలం ఆమెకు ఆసక్తి అయితే బాపట్లలోని ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయ కళాశాలలో గానీ, వడ్లమూడి విజ్ఞాన్‌లో గానీ ఫుడ్ టెక్నాలజీ. పోషకాహారం మీద మనసుంటే కమ్యూనిటీ సైన్స్. ఆమె మాటలను బట్టి మొదటిదే సరిపోతుంది, లెక్కల విషయంలో మాత్రం మొదట్లో కొంత శ్రమ తప్పదు. కంపెనీ కుదరకపోయినా దారులు మూసుకుపోవు. నాణ్యతా విభాగాల్లో ఉద్యోగాలున్నాయి, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు ఈ డిగ్రీ అర్హతే, పై చదువుకు మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది.

ఈ వేసవిలో ఇంట్లో జంతికల గొట్టంతోనే రాగి నూడుల్స్ వత్తి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఉడికించమనండి. ఉడికించిన నీటిని ఇగరబెట్టి, ఎంత పిండి దిగిందో తూచి రాసుకోమనండి. పాళ్లు మార్చి మార్చి విసుగు లేకుండా ఆ పని చేస్తోందంటే, కోచింగ్ హాస్టల్ ఫీజులు విచారించడం మానేసి కౌన్సెలింగ్ తేదీలు చూసుకోండి.