ఆ అడవిని ఎందుకు వదిలేశావు?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆర్థిక భూగోళశాస్త్రం ఎలా ఎదిగిందో తెలుగులో చెప్పాలని కూర్చున్నావు, సంతోషం. కానీ మొదటి పేజీలోనే, ఏ పని ఎక్కడ జరుగుతుంది, ఎందుకు అని సిద్ధాంతాలు కట్టిన జర్మన్లు ట్యూనెన్, వెబర్, క్రిస్టాలర్, లోష్ నలుగురూ గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు నిలబడిపోయారు. ఎవరికి ఏ సందేహం వచ్చి ఈ గొడవలో దిగారో ఎక్కడా లేదు.

ట్యూనెన్‌నే తీసుకో. ఆయన ప్రొఫెసర్ కాదు. జర్మనీలోని మెక్లెన్‌బర్గ్‌లో టెల్లో అనే ఎస్టేటు నడుపుకుంటూ ఏళ్ల తరబడి పద్దులు రాసుకున్నాడు. 1826లో వచ్చిన ఆయన సిద్ధాంతానికి ఆ పద్దులే ఆధారం. చదునైన మైదానం, అంతటా ఒకే సారం ఉన్న నేల, మధ్యలో ఒకే నగరం. అప్పుడు ఎక్కడ ఏం పండిస్తారు? పాలు, కూరగాయలు నగరాన్ని ఆనుకునే ఉంటాయి, త్వరగా పాడైపోతాయి కాబట్టి. ఆ తర్వాత ధాన్యం అనుకుంటాం కదా? ఆయన అక్కడ అడవి పెట్టాడు! ఆ కాలంలో పొయ్యికైనా ఇంటికైనా కలపే దిక్కు. బరువు ఎక్కువ, బండి మీద దూరం లాగితే వచ్చింది కిరాయికే పోతుంది. ధాన్యం దాని అవతల. తన కాళ్ల మీద తానే నడిచి రాగల పశువులు అన్నిటికంటే చివర. నీ వ్యాసంలో ఆ అడవి లేదు, ‘దూరం పెరిగేకొద్దీ భూమి మీద వచ్చే ఆదాయం తగ్గును’ అన్న వాక్యం మాత్రం ఉంది. అడవిని చూపిస్తే ఆ మాట పాఠకుడే అనుకుంటాడు.

ఫ్యాక్టరీ ఎక్కడ పెడితే ఖర్చు తగ్గుతుందన్న 1909 నాటి వెబర్ లెక్కకు రెండు వాక్యాలు చాలు. ఏ ఊరు చుట్టుపక్కల ఎంత మేరకు సరుకులు, సేవలు అందిస్తుందో చూపడానికి క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీ మీద గీసిన షడ్భుజాల దగ్గర మాత్రం కాస్త ఆగు. తర్వాత ఆక్రమిత పోలండ్‌లో నాజీల ప్రణాళికా పనిలో ఆయన కూడా ఉన్నాడు. బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, ఎవరి చేతిలో పడిందో చెప్పాల్సిందే.

భూగోళశాస్త్రంలోకి లెక్కలు, గణాంకాలు చొచ్చుకొచ్చిన 1950ల గణిత విప్లవం గురించి ‘శాస్త్రం పరిపక్వత చెందింది’ అని రాశావు. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. జిల్లాల లెక్కలు తీసి, రెండు అంశాల మధ్య గట్టి సంబంధం ఉందని తేల్చేశాను. ‘జిల్లా గీతలు మార్చితే?’ అని ఒక పెద్దాయన అడిగాడు. నోరు పెగల్లేదు. ఓపెన్‌షా, టేలర్ అనే భూగోళ శాస్త్రజ్ఞులు 1979లో చూపించింది అదే. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 99 కౌంటీలు, మన జిల్లాల్లాంటివి. వృద్ధుల శాతానికీ రిపబ్లికన్ ఓట్ల శాతానికీ మధ్య సహసంబంధం, అంటే రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో మైనస్ 1 నుంచి ప్లస్ 1 లోపల చెప్పే అంకె, సుమారు 0.35. అవే కౌంటీలను రకరకాలుగా కలిపి పెద్ద ప్రాంతాలు చేస్తే అది దాదాపు మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా ఎటైనా పోయింది. ఓటర్లు వాళ్లే, గీతలే మారాయి. నీ వ్యాసానికి గుండెకాయ ఇది, ఫుట్‌నోట్‌లో పడేశావు.

ఇంకోటి. పాతది పోయి కొత్తది వచ్చిందన్నట్టు రాయకు. 1969లో శాస్త్రీయ పద్ధతిని సమర్థిస్తూ లావుపాటి పుస్తకం రాసిన భూగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ హార్వీయే 1973కల్లా ఆ పద్ధతి నగరాల్లోని అన్యాయాన్ని చూడలేకపోతోందని మార్క్స్ వైపు మళ్లాడు. 1991లో ఆర్థికవేత్త క్రూగ్‌మన్ మళ్లీ సమీకరణాలతోనే వచ్చాడు, పరిశ్రమలు ఒకేచోట ఎందుకు గుమిగూడతాయో చెప్పడానికి. దాని మీద భూగోళ శాస్త్రజ్ఞులు విసుక్కున్నారు కూడా.

ఊళ్లు పెద్దవైనకొద్దీ, దగ్గరైనకొద్దీ వాటి మధ్య రాకపోకలు పెరుగుతాయనే గ్రావిటీ మోడల్ పేరా మాత్రం ముట్టుకోకు. దూరాన్ని కిలోమీటర్లలో కొలవాలా, గంటల్లోనా, ఖర్చులోనా అని అడిగి వదిలేశావు చూడు, అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య