జిన్‌ఫండెల్ రుచి చూడబోయే మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కి, మావయ్య ఆశీస్సులు.

శనివారం ఫ్రెండ్స్‌తో కలిసి జిన్‌ఫండెల్ టేస్టింగ్ పెడుతున్నావట, అదే, కాలిఫోర్నియాలో ఆ పేరున్న ద్రాక్షతో చేసే ఎర్ర వైన్. లేబుల్ మీద పాత తీగల పండ్లతో చేసిందని కనిపించగానే పొంగిపోకు. ఎన్నేళ్ళ తీగ పాతదో అమెరికా చట్టం ఎక్కడా చెప్పలేదు. తోట పేరు చూసి కొను. కాలిఫోర్నియాలోని సోనోమాలో మాంటె రొస్సో, ఓల్డ్ హిల్ తోటల్లో 1880లలో నాటిన తీగలు ఇంకా కాస్తున్నాయి. అదే రాష్ట్రంలోని లోడై నుంచి ఒకటి తీసుకో, అక్కడి ఇసుక నేలది మెత్తటి రుచి. రిడ్జ్ అనే వైన్ కంపెనీ వాళ్ళ గైసర్‌విల్ కూడా ఉండాలి. దాని మీద జిన్‌ఫండెల్ అనే పేరు లేకపోయినా కంగారు పడకు. ఆ పేరు వేయాలంటే కనీసం 75 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. ఇందులో కారిన్యాన్, పెటీట్ సిరా అనే వేరే ద్రాక్షలు కూడా కలుస్తాయి. నాలుగు సీసాలు చాలు, వీలైతే అన్నీ ఒకే ఏడాదివి.

ఈ ద్రాక్షతో వచ్చే చిక్కు ఒకటుంది. ఒకే గుత్తిలో పచ్చికాయ, పండు, ఎండి కిస్‌మిస్ అయినది పక్కపక్కనే ఉంటాయి. పచ్చివి పండేదాకా ఆగితే మిగతావాటిలో చక్కెర పెరిగిపోయి ఆల్కహాల్ 15 శాతం దాటుతుంది. లేబుల్ అంకెను పూర్తిగా నమ్మకు, 14 దాటిన వైన్‌కి ఒక శాతం అటూ ఇటూ రాసుకోవచ్చు. గొంతు మండుతోందా లేదా, అదే లెక్క.

సీసాలను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పేరు కనబడకుండా కాగితం చుట్టి, అన్నీ ఒకేసారి గ్లాసుల్లో కొద్దికొద్దిగా పొయ్యి. ముందు అన్నిటినీ వాసన చూడండి, తర్వాతే నోట్లోకి. మొదటి గుక్కలో జామ్‌లా తియ్యగా, బరువుగా ఉన్నదానికే అందరూ ఓటేస్తారు. తీర్పు అప్పుడే రాసుకోవద్దు. గంట ఆగి, చివరి గ్లాసు నుంచి మొదటిదాకా మళ్ళీ రుచి చూడండి. మింగాక రాస్‌బెర్రీ, మిరియం వాసన నిలిచి, నోట్లో నీళ్ళూరుతున్నాయంటే నాజూకైన వైన్ దొరికినట్టే. నా ఓటు ఎప్పుడూ దానికే.

పక్కన మిర్చి బజ్జీలు మాత్రం వద్దు. కారం తగిలితే ఆల్కహాల్ మంట రెట్టింపై అన్నీ ఒకేలా అనిపిస్తాయి. చప్పటి బ్రెడ్డు పెట్టు. కారం కూరలు టేస్టింగ్ అయ్యాక. డ్రైవ్ చేసేవాళ్ళు ఉమ్మేయాల్సిందే, మొహమాటం లేదు.

మిగిలినవి బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆదివారం సాయంత్రం ఇంకోసారి చూడు. ఓటు మారితే ఫోన్ చెయ్యి.

మీ మావయ్య