మినిమమ్ డ్యూ కడుతున్నా కార్డు బాకీ ఎందుకు తగ్గట్లేదంటే

కొత్తగా ఉద్యోగంలో చేరారు, క్రెడిట్ కార్డు మీద 60,000 బాకీ ఉంది, మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం) కడుతున్నా అది తగ్గట్లేదని అడిగారు కదా. నెలనెలా 3,000 కడుతున్నా ఆ బాకీ కదలకపోవడానికి కారణం వడ్డీయే. నెలకు 3.5 శాతం చొప్పున 2,100, దానిమీద 18 శాతం జీఎస్టీ 378. అసలుకు చేరేది 522 మాత్రమే.

1. ముందు ఆ కార్డు గీకడం ఆపండి. చాలామంది వదిలేసేది ఇదే. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త ఖర్చుకు వడ్డీ లేని గడువు ఉండదు. బెంజ్ సర్కిల్‌లో తిన్న బిర్యానీకి కూడా ఆ రోజు నుంచే వడ్డీ. ఓటీటీ, రీఛార్జ్ ఆటోపేలు కూడా తీసేయండి.

2. బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కనుక్కోండి.

3. ఇంట్లో ఒప్పుకుంటే బంగారం లోను మామూలుగా ఇంకా చవక. (అమ్మను అడగడమే టెన్షన్, తెలుసు.)

4. కొత్త ఉద్యోగం కదా, జీతం పడిన రోజే కట్టేయండి. వడ్డీ రోజుల లెక్కన పడుతుంది.