మాటలే రానప్పుడు దేవుని ఉద్దేశాన్ని నమ్మి ప్రార్థించడం ఎలా?

తీవ్రమైన వేదనలో ఉన్నప్పుడు దేవునికి ఒక ఉద్దేశం ఉందని ఎలా నమ్మాలి, ప్రార్థించడానికి నోరు పెగలనప్పుడు ఏం చేయాలి అని మీరు అడిగారు. నా భర్త ఐసీయూలో ఉన్న రోజుల్లో నన్ను వేధించిన ప్రశ్న కూడా ఇదే కనుక, నాకు ఆసరాగా నిలిచిన విషయాలను చెబుతాను.

దేవునికి ఉద్దేశం ఉందని నమ్మడం వేరు, అదేమిటో తెలుసుకోవడం వేరు. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు కథ చెప్పే బైబిల్లోని యోబు గ్రంథంలో, మొదటి రెండు అధ్యాయాల్లో దేవునికీ సాతానుకూ మధ్య పరలోకంలో జరిగిన సంభాషణ చదివే మనకు తెలుస్తుంది గానీ, 42 అధ్యాయాలు పూర్తయినా యోబుకు మాత్రం తన కష్టానికి కారణం ఎవరూ చెప్పరు. అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనంగా నేలమీద కూర్చున్నంతవరకు నిజమైన స్నేహితులే. నోరు తెరిచి కారణాలు వివరించడం మొదలుపెట్టాకే భారమయ్యారు. దేవుడు యోబును కఠినంగా ప్రశ్నించినా, చివరికి తన గురించి యుక్తంగా పలికినవాడు యోబేనని, అతని స్నేహితులు కారని చెప్పాడు. ఆసుపత్రికి వచ్చి "అంతా దేవుని చిత్తం" అని వెళ్లిపోయినవారి మీద నాకు కోపం లేదు. అయితే ఆ మాట అనే హక్కు బాధ మోస్తున్న మనిషికే ఉంటుందని, చూడవచ్చినవారికి ఉండదని నా అభిప్రాయం.

ఐసీయూ తలుపు ఎదురుగా ఉన్న కుర్చీలో, చేతిలో మందుల చీటీ నలిగిపోతుండగా, నేను "ప్రభువా" అనే ఒక్క మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆ తరువాత ఏమనాలో తోచేది కాదు. మనం ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు దేవుని ఆత్మ తానే మాటలకందని మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో చిన్నప్పటి నుంచీ చదివిన నాకు, ఆ వచనం నాలాంటివారి కోసమే రాసినదని అక్కడే అర్థమైంది. నా భర్త కోలుకోలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ఈ గిన్నెను, అంటే రాబోయే శ్రమను, తొలగించమని అడిగినప్పుడు కూడా అది తొలగిపోలేదు కనుక, అడిగినది దొరకకపోవడం తండ్రి వినలేదనడానికి రుజువు కాదని పట్టుకుని నిలబడ్డాను. కొన్ని రోజులు ఆ పట్టు కూడా సడలిపోయేది.

"రాబోవు కాలమందు మీకు నిరీక్షణ" అని యిర్మీయా 29:11ను మీకు కూడా ఎవరో పంపే ఉంటారు. దాని ముందు వచనం కూడా చదవండి: ప్రవక్త యిర్మీయా పంపిన ఉత్తరం ద్వారా, యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడినవారితో దేవుడు తిరిగి రావడానికి 70 సంవత్సరాలు అన్నాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం కోసం ప్రార్థించండి అని వారికి చెప్పాడు. ఆ వచనాన్ని త్వరలోనే అంతా చక్కబడుతుందనే హామీగా కాక ఇలా చదివినప్పుడే అది నాకు బలాన్నిచ్చింది.

శరీరాన్ని నిర్లక్ష్యం చేయకండి. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవుడు అతన్ని గద్దించలేదు; నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడింది ఆ తరువాతే. మీకు అలాంటి ఆలోచనలే వస్తుంటే ఈ రోజే ఇంట్లో ఎవరికైనా చెప్పి వైద్యుణ్ని కలవండి. అది అవిశ్వాసమని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మాటలు లేనప్పుడు అరువు తెచ్చుకోండి. 13వ కీర్తనలో ఆరే వచనాలు ఉన్నాయి. మొదటి రెండూ "ఎన్నాళ్లు" అనే నిష్ఠూరం, తరువాతి రెండూ మొర, చివరి రెండూ నమ్మకం. బిగ్గరగా చదవండి. నాలుగో వచనం దాటి గొంతు ముందుకు సాగకపోతే అక్కడే ఆపండి; మిగిలిన రెండు వచనాలను మీ సంఘంలో మీరు నమ్మే ఒకరిని మీ తరఫున చదవమని అడగండి. నా కోసం కొంతకాలం మా అత్తగారు చదివారు.