కుక్కను కాదు, దాని అడుగును చూడండి

తాతగారి సామాన్లలో పరుగెత్తే గ్రేహౌండ్ బొమ్మ దొరికిందని, పాత లింకన్ కార్ల ముందు, బానెట్ కొసన అలంకారంగా ఉండేది ఇదేనా అని అడిగారు. కావచ్చు. కానీ మీ ఫొటోలో కుక్క ఒక్కటే ఉంది, అడుగు భాగం లేదు. అసలు సంగతి ఉండేది అక్కడే.

జంతువును చూసి తొందరపడి నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. దూకుతున్న జాగ్వార్ బొమ్మ, కారుతో పాటే వచ్చిన ఒరిజినల్ అని అమ్మినాయన అంటే సరిగ్గా బేరం కూడా ఆడకుండా కొనేశాను. ఇంటికొచ్చి అడుగున గట్టిపడిన జిడ్డు తుడిస్తే సన్నటి అక్షరాలు బయటపడ్డాయి: డెస్మో. అది కార్లు చేసిన కంపెనీ కాదు, బ్రిటన్‌లో కార్ల అలంకరణ సామాన్లు చేసిన సంస్థ. అంటే ఎవరైనా కొనుక్కుని ఏ కారుకైనా బిగించుకోగల బొమ్మ. జాగ్వార్ కంపెనీ తన సొంత బొమ్మను 1930ల చివర్లో గోర్డన్ క్రాస్బీ అనే చిత్రకారుడి చేత చేయించుకుంది. డెస్మోకీ ఇష్టపడి కొనేవాళ్లున్నారు లెండి, నేనిచ్చిన ధరకి మాత్రం కాదు.

గ్రేహౌండ్‌తో ఇంకా చిక్కు. లింకన్ పెట్టుకుంది, 1930ల ఫోర్డ్ కార్లకూ వచ్చింది, విడిగా అమ్మే బొమ్మల్లోనూ ఉంది. కొంగ అనగానే హిస్పానో-సూయిజా కారు గుర్తొస్తుంది. ఆ కొంగ మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి పైలట్ జార్జ్ గీన్‌మేర్ ఎగిరిన దళం గుర్తు. కానీ కొంగ కనబడిన ప్రతిదీ ఆ కారుదే అనుకుంటే నా జాగ్వార్ కథే మళ్లీ.

కాబట్టి తిరగేసి, లైటు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడండి. ‘ఏ.ఈ.ఎల్.’ అని ఉంటే లండన్‌లో ఇలాంటి బొమ్మలు చేసిన లెజూన్ వాళ్ల పని. ‘రిజిస్టర్డ్’ అనే మాటకు పొట్టి రూపం, పక్కన నంబరు ఉంటే బ్రిటన్‌లో డిజైన్ నమోదు చేయించినట్టు. ఆ నంబరుతో డిజైన్ ఏ ఏడాది నమోదైందో కూడా తేల్చుకోవచ్చు. ‘దెపోజే’ (‘నమోదైంది’ అనే ఫ్రెంచి మాట) అని ఉంటే ఫ్రాన్స్ వైపు చూడాలి, పీఠం అంచున శిల్పి సంతకం కూడా వెతకండి. గాజు బొమ్మలైతే దారి వేరు: ఫ్రెంచి గాజు కళాకారుడు రెనె లాలిక్ బొమ్మల మీద ఉండే ‘ఆర్. లాలిక్’లో ఆ మొదటి ‘ఆర్’ 1945లో ఆయన పోయాక తీసేశారు.

పూత రంగు కూడా కొంత చెబుతుంది. కాస్త పసుపు తిరిగిన వెచ్చటి మెరుపు నికెల్‌ది, నీలం ఛాయ ఉన్న చల్లటి మెరుపు క్రోమ్‌ది. క్రోమ్ వాడకం బాగా పెరిగింది 1920ల చివర్లోనే. అయితే తర్వాతెప్పుడో మళ్లీ పూత వేయించి ఉండొచ్చు, అందుకే దీన్నొక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పను.

నకలు భయం ఉంటే కొలత తీయండి. అసలు బొమ్మ నుంచి అచ్చు తీసి పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అందుకే నకలు అసలుకంటే ఓ పిసరు చిన్నగా వస్తుంది. పక్కటెముకల గీతలు, కాలి గోళ్లు మొద్దుబారి ఉంటాయి. ఒళ్లంతా అరిగి, అడుగున కారుకు బిగించే మర మాత్రం కొత్తగా తళతళలాడుతుంటే నేనైతే ముట్టుకోను.

ఒక్కటి మాత్రం వినండి, పాలిష్ పెట్టకండి. అరిగిన అక్షరాలు దాంతో పూర్తిగా పోతాయి. మెత్తటి గుడ్డతో జిడ్డు వరకు తుడిచి, అడుగు భాగం, మర, ముక్కు నుంచి తోక దాకా పొడవు కనిపించేలా ఫొటోలు పెట్టండి, చూసి చెబుతాను.