ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో ఏడాది అమెరికా వెళ్తున్న మా చెల్లెకు ముందుగా ఏం నేర్పాలి?

తమ్ముడూ, నల్లగొండ నుంచి వెళ్తున్న మీ చెల్లెకు ఏమేం సర్దాలి, ఇంగ్లిష్ కోచింగ్ పెట్టించాలా అని అడిగావు. స్వెటర్లు అక్కడే కొనుక్కోవాలి, ఆ చలికి మన దగ్గర దొరికేవి ఆగవు. మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు, కాబట్టి నాటుకోడి పచ్చడి మర్చిపోండి. సకినాలు పెట్టండి. కోచింగ్ మాత్రం అస్సలు వద్దు. అక్కడ నలుగురితో తిరిగితే ఇంగ్లిష్ దానంతటదే వస్తుంది. సొంత ఊరి గురించి చెప్పడం మాత్రం ఇక్కడే నేర్చుకుని పోవాలి.

నేను మర్రిగూడ మండలం పిల్లను. ఇంటర్‌లో చేరిన కొత్తలో ఇలాంటి ప్రోగ్రాంలోనే మిషిగన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి వెళ్లి, హోస్ట్ ఫ్యామిలీతో ఉన్నాను. పదో తరగతి పరీక్షలయ్యాక ఆ ఎండాకాలం అమ్మ నన్ను బడి సైన్స్ సారు దగ్గరికి పంపింది. "నాయనమ్మ కాళ్లు ఎందుకు వంకర పోయినయో ఎవరన్నా అడిగితే చెప్పగలవా?" అనేది అమ్మ. మన నేల కింది గ్రానైట్ రాయి నుంచి బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగడం, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముకలు బిగుసుకుపోవడం, అన్నీ సారు ఓపికగా చెప్పారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసిందని, దాని పేరే 'నల్లగొండ టెక్నిక్' అని, ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారని అప్పుడే తెలిసింది.

అక్కడ ఒకరోజు కెమిస్ట్రీ క్లాసులో తాగునీటి పాఠం. పళ్లు పుచ్చకుండా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం ప్రపంచంలో మొట్టమొదట 1945లో మన మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లోనే మొదలైందని టీచర్ గర్వంగా చెప్పారు. లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండేట్టు కలుపుతారట. నాకు గుండె దడ మొదలైంది. చెయ్యి ఎత్తి, "మా ఊళ్లో ఇదే ఫ్లోరైడ్‌ను తీసెయ్యడానికి కొట్లాడుతున్నాం" అన్నాను. క్లాసంతా నా వైపు తిరిగింది. టీచర్ బోర్డు దగ్గరికి రమ్మన్నారు. 1.5 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోందని, మా బోర్లలో అంతకు ఎంతో ఎక్కువ ఉండేదని రాశాను. ఫోన్‌లో నాయనమ్మ ఫొటో చూపించాను. "ఆమెకు నొప్పి ఉంటుందా?" అని ముందు వరస అమ్మాయి అడిగింది. ఉంటుంది, రాత్రిళ్లు మూలుగుతుంది అన్నాను. నా గ్రామర్ ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు టీచర్ పటిక, సున్నం తెప్పించి నాతోనే చేయించారు. బీకరులో తెల్లటి తరకలు కట్టి అడుగుకు దిగుతుంటే పిల్లలంతా టేబుల్ చుట్టూ మూగారు. నవంబర్‌లో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ వస్తే మిగతా క్లాసుల్లో కూడా మాట్లాడించారు. ఆ తర్వాత నుంచి హోస్ట్ అమ్మ నేను ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా నాయనమ్మ ఎలా ఉందని అడిగేది.

మన జిల్లా పిల్లలు బయటికి పోతే ఊరు హైదరాబాద్ అని చెప్పుకుంటారు. నాకు చాలా బాధనిపిస్తుంది. బతుకమ్మ, పోచంపల్లి చీర చూపించాల్సిందే, అవి మన గౌరవం. కానీ ఊరి కష్టం దాచిపెట్టి చీరలు మాత్రమే చూపించి వస్తే అది ఎక్స్ఛేంజ్ కాదు, ఎగ్జిబిషన్.

బంధువుల సలహాలు మరో టెన్షన్. "ఎట్లాగో అక్కడే సెటిల్ కమ్మను" అనేవాళ్ల మాట చెల్లె చెవిన పడనివ్వకండి. ప్రభుత్వ ఖర్చుతో జె-1 వీసా, అంటే ఎక్స్ఛేంజ్ వాళ్లకిచ్చే వీసా మీద వెళ్తే సాధారణంగా తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉండాలి, ఆ తర్వాతే హెచ్-1 అయినా గ్రీన్ కార్డ్ అయినా. హైస్కూల్ పిల్లలను అక్కడ ఫుల్‌టైమ్ ఉద్యోగం కూడా చెయ్యనివ్వరు.

ఇంటర్ సంగతి తేల్చుకోకుండా కదలొద్దు. నేను వెళ్లేటప్పుడు మా కాలేజీ వాళ్లు "రావమ్మా, సీటు నీదే" అన్నారు, వచ్చాక ఫీజు మళ్లీ మొదటి నుంచి కట్టమన్నారు. బాపు ఎన్నిసార్లు తిరిగినా నోటిమాటకు విలువ లేదన్నారు. తిరిగొచ్చాక ఏ సంవత్సరంలో చేర్చుకుంటారు, కట్టిన ఫీజు ఏమవుతుంది, ఈ రెండూ రాయించి, ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేయించుకుని ఒక కాపీ మీ ఇంట్లో పెట్టుకోండి.