విచారానికీ ఖరీదుకూ చుట్టరికం

ప్రశ్న: నర్సింగ్ పూర్తిచేసి, ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్నాను. ‘డౌర్న్’ అంటే ‘కొంతకాలం పాటు సాగడం’ అని చదివాము. ఇప్పుడు పాఠంలో ‘బెడౌర్న్’ అనే క్రియ ‘విచారించడం’ అనే అర్థంలో వచ్చింది. విచారం ఎంతకాలమైనా వదలదు కనుక ఆ మాట అలా పుట్టిందని తోటివారంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఊహ ముచ్చటగానే ఉంది గాని నిజం కాదు. జర్మన్‌లో ‘డౌర్న్’ అనే రూపంలో రెండు వేర్వేరు క్రియలున్నాయి. మీరు ముందు చదివినది, నిలిచి ఉండడమనే అర్థం గల లాటిన్ ‘డూరారే’ నుంచి అరువు తెచ్చుకున్నది. ‘బెడౌర్న్’కు మూలమైన రెండోది జర్మన్ సొంత మాట. సుమారు 1050 నుంచి 1350 వరకు సాగిన మధ్యయుగ జర్మన్‌లో దాని రూపం ‘టూరెన్’, అర్థం ‘మరీ ఖరీదుగా తోచడం’. ‘హూస్’ అనే ఇల్లు తరువాత ‘హౌస్’ అయినట్టే దీనిలోని ‘ఊ’ కూడా ‘ఔ’ అయింది; లాటిన్ నుంచి వచ్చిన మాటకూ అదే మార్పు జరగడంతో రెండూ ఒకే పోలికకు వచ్చి, మీ తరగతిని తికమక పెట్టాయి.

నేటి జర్మన్‌లో ఖరీదైనదని చెప్పే ‘టోయర్’ ఈ రెండో క్రియకు బంధువే. ఆ ‘టోయర్’కు ఆప్తమైనదనే అర్థం కూడా ఉండడం మనకు వింతగా తోచనక్కరలేదు: ‘ప్రియమైన అమ్మకు’ అని ఉత్తరం మొదలుపెట్టేవారే గంటస్తంభం దగ్గర కూరగాయల బేరంలో ‘వంకాయలు ప్రియంగా ఉన్నాయి’ అంటారు. జరిగినదానికి చెల్లించిన మూల్యం మరీ ఎక్కువైందని మనసుకు తోచడం నుంచే జర్మన్‌లో విచారమనే అర్థం వచ్చింది. మన ‘చింతించు’, ‘విచారించు’ మాత్రం ఆలోచన నుంచి బాధకు చేరినవి.

వాడుకలో ఒక జాగ్రత్త అవసరం. రైలు ఆలస్యమైనప్పుడు స్టేషను మైకులో వినిపించే ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ ఎంత లాంఛనమో, ‘బెడౌర్న్’ కూడా ఇంచుమించు అంతే. తప్పు తమదని అందులో ఒప్పుకున్నట్టు కాదు. రోగి చేతికి సూది గుచ్చినప్పుడు నొప్పి పుడితే ‘ఎస్ టూట్ మియర్ లైట్’ అనండి. అందులోని ‘మియర్’ అచ్చంగా మన ‘నాకు బాధగా ఉంది’లోని ‘నాకు’.